పిట్టలకు వదిలిన సాళ్లు

మొన్న భూములు కొలవడానికి సర్వే వాళ్ళొచ్చారు. గొలుసు లాగే మనుషులు ఇద్దరు, వాళ్ళ మీద ఒక కుర్ర ఉద్యోగి. ఊరి చేలన్నీ కొలుచుకుంటూ వచ్చి, ఎగువనున్న పిట్టల బీడు దగ్గర ఆ అబ్బాయి కలం ఆగిపోయిందట. నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, "ఏమండీ మామ్మగారూ, అంత నేల ఊరికే వదిలేశారేంటండీ? బంజరని రాసుకోమంటారా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "వదిలెయ్యడమేంటి నాయనా? నాగలి పెట్టకుండా నలభై ఏళ్ళ నుంచి సేద్యం చేస్తున్నాను దాన్ని. బంజరని రాశావంటే నీ కాగితాలు చించి పొయ్యిలో పెడతాను" అన్నాను. పెద్దదాన్ని కదా అని పాపం నవ్వి ఊరుకున్నాడు. చివరికి ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. అతను వెళ్ళిపోయాక కూడా నా కోపం తగ్గలేదు. ఆ బీడు కోసం మేం పడ్డ పాట్లు ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఆ అబ్బాయి నోట ఆ మాట వచ్చేది కాదు గదా అనిపించింది. మా నాన్న పంతం పట్టి నాకు అక్షరాలు నేర్పించినందుకు ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

నేను పుట్టి పెరిగింది కోనసీమలో. ఇంటి వెనక కాలవ, ముందు కొబ్బరితోట, చుట్టూ వరిచేలు. మా నాన్న మంచి రైతు. కోత అయ్యాక ఆయన చేలో వెతికినా ఒక్క వెన్ను కనపడేది కాదు. కళ్ళం ఊడ్చినట్టు ఇల్లు ఊడ్చుకోమని ఊళ్ళో అత్తగార్లు కోడళ్ళకి చెప్పేవారు. చేలో పంట వదిలేసేవాడంటే మా వైపు సోమరిపోతు కిందే లెక్క. ఈ గొప్పలన్నీ మూటగట్టుకుని, పదహారో పదిహేడో ఏట, శ్రావణమాసంలో, పిఠాపురానికి ఎగువనున్న ఈ మెట్ట ఊరికి కాపురానికి వచ్చాను. ఇక్కడ నీళ్ళు చూడాలంటే నూతిలోకి తొంగి చూడాలి. ఎర్రదుమ్ము. గట్ల మీద తాటిచెట్లు, ఈతదుబ్బులు, రేగుపొదలు. వచ్చిన వారానికే నా పట్టుచీర అంచు ఎర్రబడిపోయింది. మావాళ్ళు నన్ను ఏ పాపానికి ఇక్కడికి ఇచ్చారా అని నూతి దగ్గర కళ్ళు తుడుచుకున్న మాట నిజం.

మా ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవల మీద గుమాస్తా. నెలకో రెండు నెలలకో వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేవారు. ఇంట్లో ఉండేది మా అత్తగారు, మావగారు, నేను. చలికాలం వచ్చిందంటే మా వంటిల్లంతా ఉలవల వాసన. ఎడ్ల కోసం పెద్ద కుండలో ఉలవలు ఉడకవేసేవారు. గింజలు ఎడ్లకి, ఆ నీళ్ళు మాకు. అత్తగారు ఆ నీళ్ళని మళ్ళీ చింతపండు పులుసుతో సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కాచి, వెన్న వేసి అన్నంలో పోసేవారు. మొదట్లో "ఎడ్ల కుడితి" అని ముక్కు మూసుకున్న నేనే, పుష్యమాసం వచ్చేసరికి రెండోసారి చెయ్యి చాపేదాన్ని. అత్తగారు అది చూసి, "ఏమ్మా, మా కుడితి రుచి తెలిసిందా?" అని నవ్వేవారు.

మావగారికి అప్పటికి అరవై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నోట్లో ఎప్పుడూ చుట్ట. కానీ బీడు గట్టు ఎక్కేముందు ఆ చుట్టని మట్టిలో గుచ్చి, ఆరిందని రెండుసార్లు చూసుకుని, చెవి వెనక పెట్టుకునేవారు. చెప్పులు విప్పి కొమ్మకి తగిలించి వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళేవారు. పిట్టల గురించి మాట్లాడేటప్పుడు "వస్తున్నారు, తింటున్నారు" అనేవారు. కౌజుపిట్టల్లో ఒక ముసలి పుంజుకి "పెద్దాయన" అని పేరు కూడా పెట్టారు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ పెద్దాయనెవరో చుట్టమనుకుని, భోజనానికి వస్తాడేమోనని ఇంకో గిద్దెడు బియ్యం వేశాను.

మావగారితో నేను మాట్లాడకూడదు, ఆయన నాతో మాట్లాడకూడదు. అప్పట్లో మా ఇళ్ళల్లో అదే మర్యాద. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, నేను తలుపు వారకి తప్పుకుని, "అత్తయ్యా, మావయ్యగారు భోజనానికి లేస్తారేమో అడగండి" అనేదాన్ని. ఆయన గోడ వంక చూస్తూ, "కాసేపాగి లేస్తాడని చెప్పు" అనేవారు. అత్తగారు మధ్యలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ తలకూడా ఎత్తేవారు కాదు. రెండు వైపుల మాటా అందరికీ వినపడుతూనే ఉండేది. శ్రావణం నుంచి పుష్యం దాకా మా ఇద్దరి మధ్య నేరుగా ఒక్క మాట నడవలేదు. జరిగిన అనర్థానికి సగం కారణం అదే.

ఆ బీడు సంగతి చెప్పాలి. మా మెట్ట జమీందారు గారి తాతగారి నాడే ఆ నేలని దున్నకుండా పిట్టల కోసం విడిచిపెట్టారు. ఏటా మాఘమాసంలో జమీందారు గారు వేటకి వచ్చేవారు. ఏడాది పొడుగునా ఆ బీడుని కనిపెట్టుకుని ఉండే పెత్తనం మా మావగారి వంశానిది. దానికి ప్రతిగా పక్కనున్న చేను మాది. చూడ్డానికి అక్కడేముంది, గడ్డీ ముళ్ళూ తప్ప అనిపిస్తుంది. కార్తీకం దాటాక మెట్ట మీద పిట్టకి వచ్చే గడ్డుకాలం తెలిసినవాళ్ళకి గానీ ఆ పని అర్థం కాదు. వానలుండవు. గుంటలెండిపోతాయి. పశువుల కాపర్లు కొత్త చిగురు కోసమని ఎండుగడ్డికి నిప్పు పెడతారు. కోతలైపోయి చేలన్నీ బోడిగా ఉంటే, పైన తిరిగే డేగకి నేల మీద చీమ కూడా కనపడుతుంది.

అందుకని మావగారు తొలకరిలోనే బీడు లోపల అక్కడక్కడ, నాగలి పెడితే గడ్డిదుబ్బులు చస్తాయని పారతో పైపైన గీయించి, జొన్న నాలుగు సాళ్లు, సామ రెండు సాళ్లు వేయించేవారు. అవి పండేవి, ఎండేవి, అలాగే నిలబడేవి. ఎవరూ కొయ్యరు. గింజ కొంచెం కొంచెంగా రాలి చలికాలమంతా పిట్టలకి అందేది. మార్గశిరంలో గాలి లేని ఒక తెల్లవారుజామున, పచ్చిరొట్ట పట్టుకున్న మనుషులని వరసగా నిలబెట్టి, బీడు చుట్టూ నాలుగు బారల వెడల్పున గడ్డి తామే కాల్చేసేవారు. ఆ తర్వాత బయటినుంచి ఏ మంట వచ్చినా అక్కడికి వచ్చి ఆగిపోవలసిందే. పొదల నీడలో పగిలిన కుండలు అంచుదాకా పాతి నీళ్ళు పోయించేవారు. పూరేడుపిట్ట నీళ్ళలో పడితే ఎక్కి రావడానికి ప్రతి కుండలోనూ ఒక పుల్ల ఏటవాలుగా పెట్టేవారు. మా పొయ్యిలో బూడిదంతా బుట్టకెత్తుకుపోయి ఎర్రమట్టిలో కలిపి పోసేవారు. పిట్టలు అందులో పొర్లితే వాటి ఈకల్లో పేలు రాలిపోతాయి. "అంట్లు తోముకోవడానికి నాకు గుప్పెడు బూడిద మిగల్చడీయన" అని అత్తగారు రోజూ సణిగేవారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ మొదటి చలికాలం నాకేమీ తెలియదు. బూడిద చేనుకి ఎరువు అనుకున్నాను. బీడు మగవాళ్ళ వ్యవహారం కాబట్టి దాని సంగతి ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పెరట్లో నిలబడితే మాత్రం ఆ గడ్డి మధ్య ఎండి వంగిపోయిన జొన్నకంకులు కనపడుతుండేవి. మా చేను కోసిన కూలీలు అవి కొయ్యకుండా ఎగ్గొట్టారనుకున్నాను. పెద్దవాళ్ళయిపోయారు, మావగారికి చూపు ఆనడం లేదు కాబోలు అని జాలి కూడా పడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పుష్యమాసం మొదట్లో మావగారు, అత్తగారు పిఠాపురం పాదగయలో ఆయన తండ్రిగారికి పిండం పెట్టడానికి బయలుదేరారు. బండి తోలడానికి బీడు కాపలా ఉండే పోలయ్యని తీసుకెళ్ళారు. నాలుగు రోజులు ఇల్లు నా చేతిలో. పక్కింటి ముసలమ్మ నాకు తోడు. కోనసీమ ఆడపిల్ల అంటే ఏంటో చూపిద్దామని నడుం బిగించాను. రెండోరోజు పొద్దున్నే పొరుగూరి నుంచి కూలీలని పిలిపించాను. "ఆ బీడులో నిలబడ్డ పంటంతా కోసి, పెరట్లో కుప్ప వెయ్యండి. ఒక్క వెన్ను మిగలకూడదు" అన్నాను. వాళ్ళలో ఒకావిడ, "పెద్దయ్యగారు ఏమంటారోనమ్మా" అని నసిగింది. "నేను చెబుతున్నానుగా" అన్నాను. సాయంత్రానికి జొన్న, సామ అంతా మా పెరట్లో ఉంది. మర్నాడు కోసిన చోటికి పశువులని కూడా తోలించాను. కోత అయ్యాక పశువులని తోలడం మా వైపు అలవాటు మరి. అవి సాళ్ల పక్కనున్న గడ్డి మొదళ్ళదాకా కొరికేశాయి. మావగారు వచ్చి కుప్ప చూసి ఎంత మురిసిపోతారో అని ఎదురు చూస్తూ కూర్చున్నాను.

బండి దిగి ఆయన కుప్ప వంక చూశారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా బీడు వైపు వెళ్ళారు. చాలాసేపటికి తిరిగి వచ్చారు. చెప్పులు అక్కడే కొమ్మకి మర్చిపోయారు. గుమ్మం ముందు నిలబడి, అత్తగారి వంకా కాదు, గోడ వంకా కాదు, నా మొహం వంకే చూసి, "ఎంత పని చేశావమ్మా" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు అత్తగారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పారు. కొత్తగా వచ్చిన దివాను గారికి ఆ బీడంటే కళ్ళుమంట. అంత నేల ఊరికే ఉండడమేంటి, ఆముదాలు వేయించాలని జమీందారు గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. "ఈ మాఘంలో రాజావారు వస్తారు. పిట్టలు లేస్తే బీడు ఉంటుంది. లేవకపోతే వచ్చే తొలకరికి నాగళ్ళు దిగుతాయి. ఇదే ఆఖరి మాట అని దివాను గారు దసరా నాడే చెప్పి పంపారమ్మా. మీ మావయ్య ఆ దిగులుతోనే పిఠాపురం వెళ్ళొచ్చారు" అన్నారు. ఆవిడ కూడా నన్ను తిట్టలేదు. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా తిట్టి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎవరూ తిట్టకపోయేసరికి దిద్దడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు తలుపు వారన నిలబడి, "అత్తయ్యా, కుప్పలో గింజలన్నీ దులిపి బీడులో చల్లేస్తే పిట్టలు రావా అని అడగండి" అన్నాను.

"గింజ ఒక్కటే అయితే ఊళ్ళో కళ్ళాల మీద దొరకదా అని చెప్పు" అన్నారు మావగారు గోడతో. "వాళ్ళు వచ్చేది ముందు తల దాచుకోవడానికి. ఆ తరవాతే గింజ. బోడినేల మీద గింజ చల్లితే పిట్టలని పిలిచి డేగ నోట్లో పెట్టినట్టే."

తల దాచుకోవడం అన్న మాట నా చెవిలో పడగానే మా నాన్న చేను కళ్ళ ముందు కనపడింది. మా వైపు కోతల్లో తుపాను వచ్చిందంటే కోసిన వరి నీళ్ళలో నానిపోతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ చేలోకి దిగి, తడిసిన పనలని ఎత్తి, మూడేసి పనలు ఒకదానికొకటి ఆనించి, వెన్నులు పైకి ఉండేలా నిలబెడతాం. కింద కాళ్ళు విడిగా, మధ్యలో డొల్లగా ఉంటుంది. చిన్నప్పుడు వాన వస్తే నేనే వాటిలో దూరి కూర్చునేదాన్ని. కోసిన జొన్నని మళ్ళీ అలాగే నిలబెడితే? "అత్తయ్యా, మావయ్యగారిని అడగండి, మా వైపు పనలు..." అని మొదలుపెట్టి, చెప్పలేక, ఓపిక చచ్చి, తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చేశాను. "అబ్బ, మీరే వినండి మావయ్యగారూ" అన్నాను.

అత్తగారి చేతిలో చేట జారిపోయింది. మావగారు చుట్ట నోట్లోంచి తీశారు. నేను పెరట్లోంచి మూడు జొన్నమోపులు తెచ్చి, గడ్డితో వెంటి తాడు పేని, పైన బిగించి కట్టి, కాళ్ళు విడదీసి నడిమింట్లో నిలబెట్టాను. ఆయన లేచి దాని చుట్టూ తిరిగారు. వంగి లోపలికి చూశారు. చెయ్యి పెట్టి కొలిచారు. "ఇందులో నలుగురు పడతారు" అన్నారు. ఎవరో అర్థం కాక నేను బిత్తరపోతే, అత్తగారు, "పిట్టలేనమ్మా" అన్నారు.

మర్నాటి నుంచి నాలుగు రోజులు మా పెరట్లో కుప్పంతా బండ్ల మీద తిరిగి బీడుకి వెళ్ళింది. పోలయ్యకి, అతనితో వచ్చిన మనుషులకి వెంటి పేనడం, పన నిలబెట్టడం నేనే నేర్పించాను. జొన్నదంటు వరిగడ్డిలా వంగదు. నా అరచేతులు కోసుకుపోయాయి. మావగారు ఊరికే ఉండలేదు. నేను వరసగా సాలులోనే నిలబెడుతుంటే ఆపి, "ముళ్ళపొదకి ఒక్క పరుగు దూరంలో ఉండాలి. అంతకంటే ఎడమైతే దారిలో డేగ ఎత్తుకుపోతుంది" అన్నారు. తూర్పుగాలి లోపలికి కొట్టకుండా డొల్ల నోరు పడమటికి తిప్పించారు. పైన రేగుకంప కప్పించారు. పశువులు మళ్ళీ రాకుండా గట్టంతా కంప నాటించారు. నా తెలివి సగం, ఆయన తెలివి సగం. ఎవరిదెంత అని అప్పుడు మాకు తోచనే లేదు. గోడతో మాట్లాడడం ఆయన ఆ నాలుగు రోజుల్లోనే మానేశారు.

ఆ తర్వాత ఎదురుచూపులు. ప్రతి పన ముందూ బూడిద సన్నగా చల్లి, తెల్లవారగానే వెళ్ళి చూసేవాళ్ళం. నాకూ బీడులోకి రావడానికి అనుమతి దొరికింది. చెప్పులు విప్పి ఆయన వెనకే వెళ్ళేదాన్ని. మంచుకి తంగేడు ఆకులు తడిసి చల్లటి పచ్చివాసన వేసేది. మొదటిరోజు బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. రెండోరోజు ఎలకజాడ. నాలుగోరోజు ముంగిస. వారం గడిచింది. నేను ఆశ వదులుకున్నాను. మరో రెండు రోజులకి, ఉత్తరపు పొద పక్కనున్న పన ముందు, బూడిదలో మూడేసి వేళ్ళ అడుగులు, పెరట్లో ముగ్గేసినట్టు వరసగా లోపలికి వెళ్ళాయి. బయటికి రాలేదు. మావగారు నన్ను చేత్తో ఆపి, గొంతు తగ్గించి, "పెద్దాయన వచ్చారమ్మా" అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి. నేనైతే అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ పెద్దాయన వెనక రోజూ కొందరు వస్తూనే ఉన్నారు. పూరేళ్లు కూడా చేరాయి. నేను పొద్దున్నే గట్టు మీద కూర్చుని వాటి రాకపోకలు చూసేదాన్ని. ఒక సంగతి గమనించాను. దక్షిణం వైపు పశువులు కొరికేసిన బోడినేల ఉంది కదా, ఆ వైపుకి పిట్టలు అడుగు పెట్టేవి కావు. చప్పుడైతే పనల్లోనే బిగదీసుకుని కూర్చునేవి. మెల్లగా మనిషి దక్షిణం నుంచి నడిచి వస్తే మాత్రం ఉత్తరపు పొదల వైపు లేచేవి.

మాఘపూర్ణమి వెళ్ళాక జమీందారు గారు వచ్చారు. వెంట మరో ఇద్దరు తుపాకులవాళ్ళు, దివాను గారు, ఊళ్ళోని మనుషులు డప్పులతో. వేటకి వచ్చినవాళ్ళందరికీ అన్నం, మజ్జిగ మోసుకెళ్ళే పని ఆడవాళ్ళది. అత్తగారూ నేనూ కావిడి మనుషులతో వెళ్ళి గట్టు పక్కన నిలబడ్డాం. మొదటి అదిలింపు తూర్పు మూలలో. ఒక కుందేలు లేచింది, అంతే. రెండోది ఈతదుబ్బుల దగ్గర. ఏమీ లేవలేదు. ఏటా అక్కడ గుంపులు గుంపులుగా లేచేవట. సాళ్లు పోయాక పిట్టలన్నీ పనల్లోకి మారిపోయాయి మరి. దివాను గారు చేతులు వెనక్కి కట్టుకుని, "చూశారు కదండీ. ఇక్కడ పిట్టలూ లేవు, పంటా లేదు. నేల మంచిదే పాపం" అన్నాడు. మావగారు పనలున్న వైపు చెయ్యి చూపించారు.

మనుషులు ఉత్తరం నుంచి వరసకట్టి డప్పులు మొదలుపెట్టారు. డప్పు వింటే పిట్ట కదలదు. ఉత్తరం నుంచి తోలితే బోడినేల మీదికి అసలే రాదు. ఆ పనల్లో వాటిని నేను పొద్దున్నే చూసి వచ్చాను. అవి అక్కడే ఉన్నాయి, అయినా ఇంకాసేపట్లో బీడు పోతుంది. అంతమంది మగవాళ్ళ ముందు, అందులోనూ జమీందారు గారి ముందు, ఆడది గొంతెత్తడం అంటే ఏంటో ఈ రోజుల్లో వాళ్ళకి తెలియదు. "అత్తయ్యా!" అన్నాను, ఊరంతా వినపడేలా. "డప్పులు ఆపమని చెప్పండి. దక్షిణం నుంచి, చప్పుడు చెయ్యకుండా, నడిచి రమ్మనండి!"

అందరూ ఇటు తిరిగారు. అత్తగారు నోరు తెరిచే లోపలే మావగారు చెయ్యెత్తి, "డప్పులు ఆపండర్రా! ఆవిడ చెప్పినట్టు చెయ్యండి" అని అరిచారు. మనుషులు చుట్టు తిరిగి వెళ్ళారు. డప్పులు కింద పెట్టేశారు. అడుగులో అడుగేసుకుంటూ బోడినేల దాటి వస్తున్నారు. మొదటి పన దగ్గరికి వచ్చారు. ఏమీ లేదు. రెండో పన. అప్పుడు లేచాయి! ఒకటా రెండా, పన పన నుంచీ, గంపలో పిట్టల్ని ఒక్కసారి దులిపినట్టు, కౌజులు అరుచుకుంటూ, వాటి కాళ్ళ కిందనుంచి పూరేళ్లు బుర్రుమంటూ, ఉత్తరపు పొదల మీదుగా ఆకాశంలోకి! జమీందారు గారు తుపాకి ఎత్తడం మర్చిపోయి చూస్తూ నిలబడిపోయారు. రెండో వరస లేచినప్పుడు గానీ ఆయనకి చెయ్యి ఆడలేదు. నాలుగు పిట్టలు పడ్డాయో లేదో, మావగారు వెళ్ళి ఆయన ముందు చేతులు జోడించి, "ఈ ఏడాదికి చాలండి రాజావారూ. వీళ్ళు కొత్తగా చేరినవాళ్ళు, నిలదొక్కుకోనివ్వండి" అన్నారు. ఆయన తుపాకి పక్కవాడికి ఇచ్చేశారు.

"ఈ జొన్నపనలు ఎప్పుడూ చూడలేదే. ఎవరి ఆలోచన ఇది?" అని అడిగారు జమీందారు గారు.

"మా కోడలిదండి" అన్నారు మావగారు. "తప్పు కూడా ఆవిడదేనండి. తెలియక సాళ్లు కోయించేసింది. తెలిశాక ఇలా దిద్దింది. నేను రెండూ దాచనండి."

దివాను గారు నవ్వబోయాడు. జమీందారు గారు నవ్వలేదు. "ఆముదాల మాట ఇక ఎత్తకండి" అన్నారు ఆయనతో. అప్పుడు మావగారు ఇంకో అడుగు ముందుకు వేశారు. "నాకు వయసైపోయిందండి. మావాడు కాలవల దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు, వాడికి ఈ పని పట్టదు. నా తరవాత ఈ బీడు పెత్తనం మా కోడలికి ఇప్పించాలండి. ఆ మాట ఈ రోజే సెలవివ్వాలండి" అన్నారు. "ఆడవాళ్ళకి పెత్తనమేంటండీ" అని దివాను గారు గొణిగాడు. జమీందారు గారు గట్టు వైపు, నా వైపు, ఒకసారి చూసి, "పోగొట్టుకుని తెచ్చుకున్న మనిషి మళ్ళీ పోగొట్టుకోదు. అలాగే కానివ్వండి" అన్నారు.

ఆ మాట నేను నిలబెట్టాను. మావగారు పోయినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఆ బీడులో ఒక్క చలికాలం కూడా సాళ్లు తప్పలేదు, కుండలు ఎండలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు ఎటు చూసినా ఆముదాలే. రైలు వచ్చాక కాకినాడ నుంచి, రాజమహేంద్రవరం నుంచి తుపాకులు పట్టుకుని ఎవరెవరో దిగుతున్నారు. మాఘం లేదు, ఫాల్గుణం లేదు, గుడ్ల మీద కూర్చున్న పిట్ట అని కూడా చూడరు. వాళ్ళని మా గట్టు ఎక్కనివ్వను. ఒకసారి టోపీ పెట్టుకున్న దొర ఒకాయన వచ్చి నాకు ఏదో ఇవ్వబోతే, చీపురు చూపించాను. అప్పటి జమీందారు గారు ఒక ముసలి రైతు చేతులు జోడిస్తే తుపాకి దించారు. ఇప్పటివాళ్ళు ఎవరు చెబితే దించుతారో నాకు తెలియదు. అప్పుడు అన్నీ మంచే అని నేను అనను. మావగారితో మాట్లాడకూడదన్న ఆ మర్యాదే లేకపోతే నేనా సాళ్లు కోయించేదాన్నే కాదు. నా కోడలు నాతో రోజుకి పదిసార్లు వాదిస్తుంది. బీడు సంగతి నాకంటే దానికే బాగా తెలుసేమో ఇప్పుడు. ఆ విషయంలో నేను కాలాన్ని తిట్టను.

ఆ సాయంత్రం మాత్రం ఎప్పటికీ మర్చిపోలేను. జమీందారు గారి బళ్ళు వెళ్ళిపోయాయి. అత్తగారు కావిడి మనుషులతో ముందే ఇంటికి వెళ్ళారు. మావగారూ నేనూ కుండల్లో నీళ్ళు సరిచూసి బయలుదేరాం. బీడులోంచి ఇంటికి సన్నటి కాలిదారి, ఇద్దరు పక్కపక్కన పట్టరు. అలవాటు ప్రకారం నేను పక్కకి తప్పుకుని, ఆయన ముందు వెళ్ళాలని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన కదలలేదు. ఎందుకాగారో అని తలెత్తి చూశాను. చెయ్యి దారి వైపు చూపించారు.

"నువ్వు ముందు నడువమ్మా" అన్నారు. "ఏ పొదలో ఎవరున్నారో నీకు తెలుసు. నేను నీ వెనక వస్తాను."

మా ఇళ్ళలో కోడలు మావగారికి ముందు నడవడం ఎవరూ ఎరుగరు. అయినా కొంగు బిగించుకుని ఆయన ముందు అడుగు వేశాను. పొదల్లో సర్దుకుంటున్న పిట్టలు లేవకుండా మెల్లగా నడిచాను. నా వెనక ఆయన కూడా అంతే మెల్లగా, నా అడుగుల్లోనే అడుగులు వేస్తూ వచ్చారు. ఇల్లు చేరేదాకా ఒక్క పిట్ట కూడా లేవలేదు.